లీటరు దగ్గర జరిగిన పొరపాటు: ఇంట్లో కొలోస్టమీ ఇరిగేషన్, ఒక కేస్ స్టడీ

నేను స్టోమా కేర్ నర్సుని, అంటే పేగు కొసని పొట్ట మీదికి తెచ్చి పెట్టిన ద్వారం (స్టోమా) ఉన్నవాళ్లని చూసుకునే నర్సుని. ఆ ద్వారంలోంచి నీళ్లు ఎక్కించి పేగు ఖాళీ చేసుకోవడమే ఇరిగేషన్. ఈ కేస్ రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నారు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చేశాను, ఆయన్ని ఇక్కడ మాస్టారు అంటాను. ముందే చెప్తున్నా, ఇందులో నా తప్పు ఒకటి ఉంది, అది దాచేసి పేషెంట్ సక్సెస్ అయ్యారు అని రాసేస్తే ఈ కేస్‌కి విలువేం ఉండదు, ఎందుకంటే ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన చాలామంది సరిగ్గా అక్కడే ఇరుక్కుని ఉన్నారు.

మాస్టారికి 50 దాటాయి, హైస్కూల్లో లెక్కలు చెప్తారు. మలద్వారానికి బాగా దగ్గర్లో రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ వచ్చింది, మలాన్ని ఆపి ఉంచే స్ఫింక్టర్ కండరాన్ని కాపాడే వీలు లేక రెక్టమూ మలద్వారమూ రెండూ తీసేసి ఎడమవైపు పొట్ట మీద పర్మనెంట్ కొలోస్టమీ, అంటే పెద్దపేగుతో స్టోమా, పెట్టారు. 1908లో ఎర్నెస్ట్ మైల్స్ అనే ఇంగ్లిష్ సర్జన్ వివరించిన ఆపరేషనే, ఇవాళ కెమెరా పెట్టి చిన్న కోతలతో చేస్తున్నారు గానీ పేషెంట్‌కి మిగిలేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే, పొట్ట మీద ఎర్రగా తడిగా ఉండే బొడిపె, దాని మీదో సంచి. ఆపరేషన్ తర్వాత కీమో నడిచింది. అది అయిపోయాక ఇంకో రెండు నెలలు ఆగి నా దగ్గరికి వచ్చారు.

వచ్చినప్పుడు ఆయన కంప్లయింట్ సంచి గురించి కాదు. సంచి మార్చుకోవడం బాగానే వచ్చు, చుట్టూ చర్మం కొంచెం ఎర్రబడింది తప్ప పుండ్లేం లేవు. "అమ్మా, సంచి ఉందని బాధ లేదు, ఎప్పుడొస్తుందో తెలీకపోవడమే బాధ" అన్నారు. బోర్డు వైపు తిరిగి లెక్క చేస్తుంటే, క్లాసంతా సైలెంట్‌గా ఉన్నప్పుడే స్టోమా చప్పుడు చేస్తుందట, పిల్లలు నవ్వితే పర్లేదు, నవ్వకుండా ఆపుకుంటారు చూడండి అది తట్టుకోలేకపోతున్నా అన్నారు. స్టోమాకి స్ఫింక్టర్ ఉండదు కాబట్టి గ్యాస్‌ని గానీ మోషన్‌ని గానీ ఆపుకోవడం అనే సంగతే లేదు, ఇది తెలీనివాళ్లు "కాస్త కంట్రోల్ చేసుకోవచ్చు కదా" అంటారు, దేంతో కంట్రోల్ చేసుకుంటారు?

ఇరిగేషన్ గురించి ఆయనే ఎక్కడో విని అడిగారు. సింపుల్‌గా చెప్పాలంటే స్టోమాలోంచి పెద్దపేగులోకి గోరువెచ్చని నీళ్లు ఎక్కించడం, ఎనిమా లాంటిదే. నీళ్లు వెళ్లి పేగుని సాగదీస్తాయి, సాగిన పేగు ఒక్కసారిగా పెద్ద అలలాగా ముడుచుకుని లోపలున్నది బయటికి తోసేస్తుంది. అలా ఎడమవైపు పేగు ఖాళీ అయ్యాక అది మళ్లీ నిండడానికి 24 గంటలు, కొందరికైతే 48 గంటలు పడుతుంది, ఆ మధ్యలో స్టోమా మీద చిన్న క్యాప్ అతికించుకుని తిరగొచ్చు. చాలామంది ఇది పేగు కడగడం అనుకుంటారు. అలా అనుకున్నవాళ్లే నీళ్లు ఎక్కువ పోస్తారు, మాస్టారూ అదే చేశారు, ఆ సంగతి కింద వస్తుంది.

అందరికీ పనికిరాదు ఇది. ఎడమవైపు పేగుతో, అంటే డిసెండింగ్ లేదా సిగ్మాయిడ్ కొలన్‌తో పెట్టిన ఎండ్ కొలోస్టమీ (తెగిన పేగు కొసే స్టోమాగా ఉన్నది) వాళ్లకే. కుడివైపు పేగుతోనో అడ్డంగా ఉండే ట్రాన్స్‌వర్స్ పేగుతోనో పెట్టిన స్టోమాలో మలం పల్చగా వస్తూనే ఉంటుంది, ఎంత ఖాళీ చేసినా కాసేపటికి మళ్లీ మొదలు. ఇలియోస్టమీ (చిన్నపేగుతో పెట్టిన స్టోమా) అయితే అసలు ఆ ఆలోచనే వద్దు, ఒంట్లో నీళ్లూ లవణాలూ తేడా కొట్టేస్తాయి. మాస్టారి డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించుకుని ఏ పేగుతో పెట్టారో నా కళ్లతో చదివాకే మాట్లాడా, పేషెంట్ ఎడమవైపే అన్నారు కదా అని వదిలేయను, పొట్ట మీద ఎడమవైపు కనిపించినంత మాత్రాన లోపలున్నది ఏ పేగో చెప్పలేం.

ఇంకా స్టోమా పక్కన హెర్నియా (కండరం సందులోంచి పేగు ఉబ్బి రావడం) ఉందా అని చూశా (పడుకోబెట్టి చూస్తే దొరకదు, నిలబెట్టి దగ్గమనాలి), స్టోమా బయటికి జారుతోందా, నోరు ఇరుకైపోయిందా, క్రోన్స్ లాంటి పేగు జబ్బులున్నాయా, గుండె గానీ కిడ్నీలు గానీ వీక్‌గా ఉండి డాక్టర్ నీళ్లు తగ్గించి తాగమన్నారా, ఇవన్నీ. ఆ చివరిది జనం మర్చిపోతారు, పెద్దపేగు పనే నీళ్లు పీల్చుకోవడం, మనం పోసిన దాంట్లో కొంత ఒంట్లోకే పోతుంది. కీమో గానీ పొట్టకి రేడియేషన్ గానీ నడుస్తుంటే కూడా చెయ్యకూడదు, అందుకే అన్నాళ్లు ఆగాం. జబ్బు రాకముందు మోషన్ ఒక టైంకి అయ్యేదా అని అడిగితే గడియారంలాగా అయ్యేది అన్నారు, అలాంటివాళ్లకి ఇరిగేషన్ తొందరగా సెట్ అవుతుంది. స్టోమాలోంచి చేసిన కొలనోస్కోపీ (కెమెరా ట్యూబ్‌తో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) నార్మల్, సర్జన్ ఓకే అని కాగితం మీద రాసిచ్చారు.

ఆఖరి ప్రశ్న, ఇంట్లో రోజూ గంటసేపు బాత్‌రూం మీ ఒక్కరికే వదులుతారా అని. నవ్వేశారు గానీ నేను సరదాకి అడగలేదు. మిగతావన్నీ కుదిరి కూడా ఈ గంట కుదరక మానేసినవాళ్లు నాకు తెలుసు. తలుపు అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు అనుకుంటూ కూర్చుంటే తొందరపడి క్లాంప్ మొత్తం తెరిచేస్తారు, అక్కణ్ణుంచి అన్నీ తప్పులే. మాస్టారు సాయంత్రం 7 గంటలకి అని పెట్టుకున్నారు, స్కూల్నుంచి వచ్చి ఏదో కాస్త తిని, అరగంట ఆగి. పొద్దున్నైనా సాయంత్రమైనా ఫర్వాలేదు, కానీ రోజూ ఆ టైమే అవ్వాలి, తిన్న తర్వాత అయితే పేగు ఎలాగూ కదులుతూ ఉంటుంది కాబట్టి ఇంకా మంచిది.

ట్రైనింగ్ రోజు వచ్చీరాగానే "మా ఆవిడకి నేర్పండమ్మా, నాకు చేతులు వణుకుతాయి" అన్నారు. ఆవిడేమో "నాకేం ఇబ్బంది లేదండీ, నేనే చేసేస్తా" అని చీర కొంగు బిగించేశారు. నేను ఒప్పుకోలేదు. చేతులూ కళ్లూ పనిచెయ్యని పేషెంట్ అయితే వేరే సంగతి, అప్పుడు ఇంట్లోవాళ్లకే నేర్పుతాం. కానీ మాస్టారి వణుకు భయం వణుకు. లోపల మెలిపెట్టడం ఎప్పుడు మొదలైందో నీళ్లు ఎక్కుతున్న మనిషికే తెలుస్తుంది, ఆ క్షణంలో క్లాంప్ మూసే చెయ్యి కూడా ఆ మనిషిదే అయితే భయం సగం పోతుంది. ఆవిణ్ణి పక్కన స్టూల్ మీద కూర్చోమన్నా, అంతే.

సామాన్లు పెద్దగా ఏం లేవు. నీళ్ల సంచి, దానికో ట్యూబు, ట్యూబ్ మీద వేగం తగ్గించే క్లాంప్, చివర మెత్తటి కోన్, పైనా కిందా తెరుచుకుని ఉండే పొడుగాటి ప్లాస్టిక్ స్లీవ్, దాన్ని స్టోమా మీద పట్టి ఉంచే బెల్టు, క్లిప్పులు, నీళ్లతో కడిగితే పోయే జెల్. ఇందులో కోన్ గురించి మాత్రం కొంచెం చెప్పాలి. పూర్వం కెథీటర్ అనే సన్నటి గొట్టాన్ని నేరుగా పేగులోకి తోసేవాళ్లు, దాంతో పేగుకి చిల్లు పడ్డ కేసులు వచ్చి చాలామంది సర్జన్లు ఇరిగేషన్ అంటేనే వద్దనే పరిస్థితి వచ్చింది. కోన్ దాని ఆకారం వల్లే లోతుకి పోలేదు, పైగా స్టోమా నోటికి బిరడాలాగా కూర్చుని నీళ్లు వెనక్కి చిమ్మకుండా ఆపుతుంది. ఇప్పటికీ ఎవరైనా కోన్ పాడైంది వేరే ట్యూబేదో పెట్టేశాం అంటే నేను మర్యాద మర్చిపోయి అరుస్తా.

ముందు వేలితో దారి చూడాలి. గ్లవ్ వేసుకుని చిటికెన వేలికి జెల్ రాసి మెల్లగా స్టోమాలోకి పెట్టి పేగు ఎటు వంగి ఉందో చూసుకోవడం, ఎందుకంటే చాలా స్టోమాలు తిన్నగా లోపలికి పోవు, కొన్ని పైకి, కొన్ని పక్కకి తిరిగి ఉంటాయి. మాస్టారిది కొద్దిగా పైకి, నడుం వైపు తిరిగి ఉంది. కోన్ కూడా ఆ కోణంలోనే పెట్టాలి, ఎదురుగా నెడితే పేగు గోడకి తగిలి నీళ్లు పోవు, పోవట్లేదని ఇంకా నెడతారు. మాస్టారు మొదటిసారి వేలు పెట్టినప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నారు, నొప్పి కాదు, స్టోమాకి నొప్పి తెలిసే నరాలు ఉండవు, తన పేగుని తనే ముట్టుకోవడం అన్నది మింగుడు పడలేదు. ఆ రోజు దానికే ఇరవై నిమిషాలు ఇచ్చా. అక్కడ తొందరపెట్టి ఉంటే ఆయన మళ్లీ వచ్చేవారు కాదనిపిస్తుంది.

మొదటి రోజు 500 ఎంఎల్ మాత్రమే తీసుకున్నా. తాగడానికి పనికొచ్చే నీళ్లే వాడాలి, తాగలేని నీళ్లు పేగులోకి కూడా పోయకూడదు. వేడి ఒంటి వేడి అంత, 37 డిగ్రీలకి అటూ ఇటూ. ట్యూబ్‌లో గాలి లేకుండా ముందు కొంచెం నీళ్లు వదిలేసి, స్లీవ్ కింది కొస టాయిలెట్‌లోకి వేసి, పై కొసలోంచి కోన్ పెట్టి క్లాంప్ తెరిచారు. ఒక 200 దాకా ఎక్కిందో లేదో "అమ్మా మెలిపెడుతోంది" అన్నారు. క్లాంప్ మూయించి నీళ్లు ముట్టుకుని చూస్తే చల్లారిపోయాయి, పాఠం చెప్తూ చెప్తూ నేనే చల్లార్చేశా! చల్లటి నీళ్లు, స్పీడుగా వచ్చే నీళ్లు, ట్యూబ్‌లో గాలి, మెలిపెడితే ముందు ఈ మూడూ చూసుకోవాలి. కోన్ అలాగే ఉంచి నాలుగు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటే నొప్పి తగ్గింది, మళ్లీ వెచ్చటి నీళ్లు పోసి మిగతాది ఎక్కించాం.

నీళ్లు అయిపోయాక ఒకట్రెండు నిమిషాలు కోన్ అలాగే పట్టుకుని, తర్వాత తీసి, స్లీవ్ పైభాగం మడిచి క్లిప్ పెట్టేయాలి. మొదటి విడత పది పదిహేను నిమిషాల్లో వచ్చేస్తుంది, నీళ్లూ మలమూ గ్యాసూ అన్నీ కలిపి, ఆ చప్పుడికి మాస్టారూ ఆవిడా ఇద్దరూ నవ్వేశారు. ఆ తర్వాత ఆగిపోతుంది. ఇక్కడే కొత్తవాళ్లు మోసపోతారు, అయిపోయింది కదా అని స్లీవ్ తీసేస్తారు, సరిగ్గా బట్టలు వేసుకునేటప్పుడు రెండో విడత దిగుతుంది. స్లీవ్ కింది కొస కూడా మడిచి క్లిప్ పెట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఇంకో అరగంట గడపాలి, నడిస్తే త్వరగా దిగుతుంది. ఇంకోరోజు పిలిచి నా ఎదురుగా మొత్తం ఆయన చేత్తోనే చేయించుకుని ఇంటికి పంపించా, పేగు అలవాటు పడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా క్యాప్ వద్దు మామూలు సంచే పెట్టుకోండి అని చెప్పి.

ఇక నా తప్పు. ఐదో రోజు ఫోన్ చేసి "500తో పూర్తిగా రావట్లేదమ్మా, తర్వాత రాత్రి సంచిలోకి వస్తోంది" అన్నారు. నేను ఇద్దరు పేషెంట్ల మధ్యలో ఉన్నా. "పర్లేదు మాస్టారూ, కొంచెం కొంచెం పెంచుకోండి, లీటరు దాకా వెళ్లొచ్చు" అని పెట్టేశా. చెప్పింది అబద్ధం కాదు, పెద్దవాళ్లలో చాలామంది 500 నుంచి 1000 మధ్య ఎక్కడో సెటిల్ అవుతారు. కానీ నేను చెప్పింది హద్దు, ఆయన విన్నది టార్గెట్. అసలు ఐదో రోజే పూర్తిగా రావాలని ఎవరన్నారు? ఆ మాట చెప్పాల్సింది నేను. నీళ్ల సంచి ఎంత ఎత్తులో కడుతున్నారు, ఎన్ని నిమిషాల్లో ఎక్కుతోంది, రెండు ప్రశ్నలు అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు.

తర్వాత ఏం జరిగిందో ఆయన నోట్‌బుక్‌లో ఉంది, లెక్కల మాస్టారు కదా, గడులు గీసి తేదీ, టైం, నీళ్లెన్ని, ఎప్పుడు మొదలైంది ఎప్పుడు ఆగింది, తర్వాత లీక్ అయిందా అని రోజూ రాశారు. ఆరో రోజు 750. ఏడో రోజు 1000, ఇరిగేషన్ బాగా అయింది, రెండు గంటల తర్వాత నీళ్లలాంటి లీక్. ఆ లీక్ చూసి లోపల ఇంకా మిగిలిపోయిందనుకుని తొమ్మిదో రోజు 1200 పోశారు. మూడు గంటల తర్వాత ఇంకా ఎక్కువ లీక్. పదకొండో రోజు 1400. పన్నెండో రోజు 1500, ఆ గడి పక్కన ఏమీ రాయలేదు.

ఏమీ రాయలేదు ఎందుకంటే రాసే స్థితిలో లేరు. ఆవిడ ఫోన్ చేశారు, "అండీ, ఒళ్లంతా చెమటలు పట్టేశాయి, మనిషి పాలిపోయారు, కళ్లు తిరుగుతున్నాయంటున్నారు". నీళ్లు ఆపేసి కోన్ తీసేయండి, కింద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి, పది నిమిషాల్లో తేరుకోకపోయినా పొట్టలో బాగా నొప్పి ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి అని చెప్పి ఫోన్ పెట్టకుండా లైన్లోనే ఉన్నా. పేగు ఒక్కసారిగా సాగితే వేగస్ నరం రియాక్ట్ అయ్యి గుండె వేగం, బీపీ పడిపోతాయి, అదే ఇది. అయిదారు నిమిషాల్లో మాట్లాడారు. పొట్ట మెత్తగానే ఉంది, నొప్పి లేదు, రక్తం లేదు. కోన్ రాపిడికి స్టోమా మీద రెండు చుక్కల రక్తం కనిపిస్తే భయపడక్కర్లేదు, కానీ ఆగని రక్తం, తగ్గని గట్టి నొప్పి, పొట్ట రాయిలా బిగుసుకోవడం, జ్వరం, ఇవైతే అది నా పరిధి కాదు, హాస్పిటలే.

మర్నాడు మొత్తం సామాన్లతో రమ్మన్నా. ఇంట్లో ఎలా చేస్తారో అలాగే అన్నీ అమర్చండి, కాకపోతే కోన్ స్టోమాలో పెట్టకుండా బకెట్‌లోకి వదలండి అన్నా. ఆయన తల పైకెత్తి గోడంతా వెతుకుతున్నారు. ఏంటి మాస్టారూ అంటే "కొక్కెం అమ్మా, ఇంట్లో షవర్ పైపుకి కడతా". షవర్ పైపు! కూర్చున్న మనిషి తల మీద ఇంకో రెండడుగులు. క్లాంప్ పూర్తిగా తెరిచి వదిలితే లీటరు నీళ్లు రెండు నిమిషాల లోపు బకెట్‌లో ఉన్నాయి. నా ట్రైనింగ్ రూంలో స్టాండ్ భుజం ఎత్తులో ఫిక్స్ చేసి ఉంటుంది, కాబట్టి ఎత్తు గురించి నేను నోటితో చెప్పాను గానీ ఆయన చేత్తో ఎప్పుడూ అమర్చుకోలేదు. నేను చెప్పాననుకుంటున్నా, ఆయన చూశాననుకుంటున్నారు, మధ్యలో షవర్ పైపు.

ఎత్తు అంటే ప్రెషర్, ప్రెషర్ అంటే స్పీడు. కూర్చున్నప్పుడు నీళ్ల సంచి అడుగు భాగం భుజం దగ్గర ఉండాలి, అంతకన్నా పైకి వద్దు. స్పీడుగా పోతే పేగు సాగక ముందే బిగుసుకుంటుంది, కొంత నీళ్లు కోన్ పక్కనుంచి వెనక్కి వస్తాయి, మిగతావి ఎక్కడో పైన ఇరుక్కుంటాయి. మరీ ఎక్కువ పోస్తే మనకి కావాల్సిన ఎడమ పేగుని దాటి పైకి వెళ్లిపోతాయి, వెళ్లినవి ఇరిగేషన్ టైంలో తిరిగి రావు, రెండు మూడు గంటల తర్వాత తీరిగ్గా పల్చటి మలంతో కలిసి దిగుతాయి. మాస్టారు నోట్‌బుక్‌లో రాసిన లీక్ అదే. ఆయన మలం మిగిలిపోయిందనుకున్నారు, మిగిలింది నీళ్లు. దాన్ని తగ్గించడానికి ఇంకా నీళ్లు పోశారు.

నీళ్లు తగ్గించమంటే నమ్మలేదు. "500కే రాలేదు కదమ్మా" అన్నారు, లాజిక్ కరెక్టే. అందుకని నేను ఆయన భాషలోనే చెప్పా, మాస్టారూ ఒకేసారి మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు, మూడు రోజులకి ఒకటి మారుద్దాం, మిగతావన్నీ స్థిరం. ఇది ఆయనకి నచ్చింది. రెండు రోజులు ఇరిగేషన్ మొత్తం ఆపి పేగుకి రెస్ట్ ఇచ్చాం. తర్వాత 600 ఎంఎల్, ఎత్తు భుజం దగ్గర, గోడకి అతికించే కొక్కెం ఒకటి ఆవిడే కొలిచి పెట్టారు, క్లాంప్ సగం తెరిచి ఎనిమిది నుంచి పది నిమిషాల్లో ఎక్కేలా. మొదటి మూడు రోజులు లీక్ ఉంది గానీ తక్కువ, ఈసారి నీళ్లు కాదు, కొంచెం గట్టి మలం. అంటే లోపల నీళ్లు మిగలడం ఆగింది, ఇప్పుడు నిజంగానే కాస్త తక్కువైంది. అప్పుడు 650, మూడు రోజుల తర్వాత 700. అక్కడ ఆగిపోయాం. అయిదో వారం చివరికి వరసగా ఆరు రోజులు 24 గంటలూ సంచి ఖాళీ. ఏడో వారంలో క్యాప్ పెట్టుకుని స్కూలుకి వెళ్లారు, జేబులో మాత్రం ఒక మామూలు సంచి పెట్టుకుని.

లీక్ ఎప్పుడైందన్నది ఎంతైందన్నదానికంటే ఎక్కువ చెప్తుంది, ఇది నేను మాస్టారి నోట్‌బుక్ చూశాకే నేర్చుకున్నా. రెండు మూడు గంటల్లో నీళ్లలాగా వస్తే నీళ్లు ఎక్కువ, లేదా స్పీడు ఎక్కువ, లేదా స్లీవ్ తొందరగా తీసేశారు. పద్దెనిమిది ఇరవై గంటల తర్వాత గట్టిగా వస్తే ఖాళీ అవ్వడం సరిపోలేదు, అప్పుడు 50 ఎంఎల్ పెంచే మాట ఆలోచించొచ్చు. ఇప్పుడు ఫోన్‌లో ఎవరు లీక్ అన్నా నేను అడిగే మొదటి ప్రశ్న ఎన్ని గంటలకి అని, రెండోది నీళ్ల సంచి దేనికి కట్టారు అని.

మధ్యలో ఒకరోజు పోసిన 700లో దాదాపు ఏమీ తిరిగి రాలేదు. పరీక్షల డ్యూటీలో మధ్యలో బయటికి వెళ్లడం కుదరదని రోజంతా నీళ్లు తాగలేదట. ఒంట్లో నీళ్లు తక్కువైతే పేగు దొరికింది దొరికినట్టు పీల్చేస్తుంది, బయటికి రావడానికి ఏముంటుంది. ఈసారి మాస్టారు ఫోన్ చేయకుండానే కరెక్ట్‌గా చేశారు, ఇంకోసారి పోయలేదు, మామూలు సంచి పెట్టుకుని, నీళ్లు బాగా తాగి, మర్నాడు అదే టైంకి మళ్లీ చేసుకున్నారు. రాలేదు కదా అని వెంటనే రెండో రౌండ్ పోయడం చాలా చెడ్డ అలవాటు. అలాగే ఒకసారి విరేచనాలు పట్టుకున్నాయి, ఆ నాలుగు రోజులూ ఇరిగేషన్ బంద్, కింద తెరిచి ఖాళీ చేసుకునే సంచి, మలం గట్టిపడ్డాక మళ్లీ మొదలు. నాలుగు రోజులు ఆపితే అలవాటు పోతుందేమోనని భయపడ్డారు గానీ మూడు రోజుల్లో మళ్లీ గాడిలో పడింది.

ఆయన మొదటి కంప్లయింట్ అయిన చప్పుడు సంగతి. ఇరిగేషన్‌తో గ్యాస్ బాగా తగ్గింది, పోలేదు. పేగు ఖాళీగా ఉన్నా గ్యాస్ తయారవుతుంది, స్టోమా కొంచెం జిగురు కూడా వదులుతూనే ఉంటుంది, క్యాప్‌లో ఫిల్టర్ ఉంటుంది గానీ అది వాసన ఆపుతుంది, చప్పుడు కాదు. ఈ మాట మొదటి రోజే చెప్పా కాబట్టి ఆయన నిరాశపడలేదు. క్లాసులో చప్పుడొస్తే మోచెయ్యి క్యాప్ మీద మెల్లగా ఆనించడం ఆయనే కనిపెట్టుకున్నారు. చర్మం ఎర్రదనం మాత్రం పూర్తిగా పోయింది, మలం తగలడం తగ్గింది, అంటించి పీకే పెద్ద సంచి అతుకూ తగ్గింది.

నాలుగో నెలలో రోజు విడిచి రోజు చేసుకుంటే ఎలా ఉంటుందమ్మా అని అడిగారు. కొందరికి కుదురుతుంది, ట్రై చేద్దాం, కానీ సెలవుల్లో అన్నా. మొదటి 48 గంటలు బాగానే గడిచాయి. రెండోసారి కూడా. మూడోసారి 41వ గంటకి క్యాప్ పక్కనుంచి వచ్చేసింది, ఇంట్లోనే కాబట్టి సరిపోయింది, నోట్‌బుక్‌లో ఆ గడి చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టారు, తప్పు లెక్కకి చుట్టినట్టు. ఇంకో వారం చూద్దామా అన్నా, "వద్దమ్మా, గంట పోతే పోనీ, రోజూ చేసుకుంటేనే నాకు నిద్రపడుతుంది" అన్నారు. ఆ గంటలో స్లీవ్ క్లిప్ పెట్టుకుని పేపర్లు దిద్దుకుంటున్నారట.

కోన్ మెత్తదనం పోయి అంచు గరుకుగా తగిలితే మార్చేయాలి, ట్యూబూ నీళ్ల సంచీ ప్రతిసారీ కడిగి వేలాడదీసి ఆరబెట్టాలి, మడిచి తడిగా పెడితే లోపల బూజు పడుతుంది. ఇంకో సంగతి, ఎప్పుడూ తిన్నగా పోయే కోన్ ఏదో ఒకరోజు పోవట్లేదన్నా, నీళ్లు పక్కకి వస్తున్నాయన్నా, ఆ కోణం మారిందన్నా నన్ను అడగకుండా నెట్టొద్దని చెప్పి పెట్టా, హెర్నియా మొదలవుతుంటే కొందరిలో ముందు తెలిసేది అక్కడే. మూడు నెలలకోసారి నిలబెట్టి దగ్గించి చూస్తున్నా, ఇప్పటిదాకా ఏం లేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. ఆయన చార్ట్ మారలేదు, 700 ఎంఎల్, 37 డిగ్రీలు, తొమ్మిది నిమిషాలు ఎక్కడానికి, మొత్తం 50 నిమిషాలు. నా ట్రైనింగ్ రూంలో స్టాండ్ తీయించేశా, గోడకి నాలుగు ఎత్తుల్లో కొక్కేలు పెట్టించా, కొత్త పేషెంట్ వస్తే నీళ్ల సంచి చేతికిచ్చి మీకు ఏది కరెక్ట్ అనిపిస్తే దానికి తగిలించండి అంటా. పదిమందిలో ఏడెనిమిది మంది పైదానికే తగిలిస్తారు.